టిక్కుటిక్కుమన్న పెట్టె



ఈసారి పాఠం చెప్పడానికి కాక, నా పొరపాటొకటి మీ ముందుంచడానికి కూర్చున్నాను. మీలో ఒక్కరైనా దానినుండి తప్పించుకుంటే నాకు తృప్తి.

విదురాశ్వత్థంలో ఉండేవారికి తెలుగు వాచకాలు కావాలంటే హిందూపురం దగ్గరే ఉంది. కాని మన పిల్లల ఇళ్ళలో పలికే తెలుగు ఏ అంగడిలోనూ దొరకదు. అందుకే కొన్నేళ్ళుగా పిల్లల అవ్వతాతల చేత కథలు, పొడుపుకథలు, విసురురాతి పాటలు చెప్పించి, ఆ గొంతులను ఇంటి కంప్యూటరులో దాచుకుంటూ వచ్చాను. 1938 ఏప్రిల్ 25న మన ఊళ్ళో జరిగిన పోలీసు కాల్పుల గురించి తండ్రి నోట విన్నదంతా ఒక అవ్వ ముప్పావుగంట చెప్పింది. ఆమె ఇప్పుడు లేదు.

మొన్న మార్చిలో ఆ కంప్యూటరు మందగించింది. చిన్న ఫైలు తెరవడానికే నిమిషాలు పట్టేది. ఒక ఫోల్డరు పేరు వింత గుర్తులుగా మారిపోయింది. కొన్నాళ్ళకు లోపలినుండి గడియారంలా టిక్కుటిక్కుమనే చప్పుడు మొదలైంది. పాతబడింది కదా అని సరిపెట్టుకున్నాను. పరీక్షల పేపర్లు దిద్దడం ముగిశాక చూద్దామనుకున్నాను. చప్పుడు హెచ్చాక, తెలిసినవారొకరి మాట విని, డిస్కును సరిచేసే ప్రోగ్రామును రాత్రంతా నడిపించాను. తెల్లవారేసరికి ఆ పెట్టె లేవలేదు.

తరువాత తెలుసుకున్నది చెబుతాను. హార్డుడిస్కులో అద్దంలాంటి పళ్ళేలు సాధారణంగా నిమిషానికి 5,400 లేదా 7,200 సార్లు తిరుగుతాయి. వాటిని తాకకుండా, వెంట్రుక మందంకన్నా ఎంతో తక్కువ ఎత్తులో, చదివే ముల్లు కదులుతుంది. అది తన చోటు పోల్చుకోలేక మాటిమాటికీ వెనక్కి వస్తుంటే ఆ టిక్కు చప్పుడు పుడుతుంది. అటువంటప్పుడు మరమ్మతు ప్రోగ్రాము నడపడమంటే కాలు విరిగినవాణ్ణి పరుగెత్తించడమే.

కాబట్టి మిత్రులారా, యంత్రం మందగించి, ఫైళ్ళు చెడుతూ, చప్పుడు మాత్రం లేకపోతే, తక్కిన పనులన్నీ ఆపి నకలు తీయండి. మళ్ళీ సంపాదించలేనివి ముందు: గొంతులు, ఛాయాచిత్రాలు, మీ చేతి రాతలు. సినిమాలు, ప్రోగ్రాములు చివరకు. నకలు వేరే డిస్కులోకే వెళ్ళాలి. సి, డి అని రెండు పేర్లు కనబడినా చాలా కంప్యూటర్లలో అవి ఒకే డిస్కులోని రెండు గదులు. డిస్కును ఫార్మాట్ చేయమంటారా అని తెరమీద అడిగితే వద్దనండి.

టిక్కు చప్పుడు వినబడితే వెంటనే ఆపివేయండి. మళ్ళీ మళ్ళీ వేసి చూడకండి. మూత విప్పకండి, లోపలికి ధూళి చేరినా ప్రమాదమే. సమాచారాన్ని వెలికితీయడమే వృత్తిగా ఉన్నవారికి అప్పగించండి.

డిస్కు తన ఆరోగ్యాన్ని తానే లెక్క వేసుకుంటుంది. ఆ లెక్కను స్మార్ట్ అంటారు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాములో దానిని చూడవచ్చు. చెడిన భాగాల సంఖ్య పెరుగుతుంటే తెల్లవారేదాకా ఆగవద్దు. అయితే అది బాగుందని నిశ్చింతగా ఉండరాదు. గూగుల్ పరిశోధకులు లక్షకు పైగా డిస్కులను పరిశీలించి 2007లో ప్రకటించిన వ్యాసం ప్రకారం, చెడిన డిస్కులలో సగానికి పైగా స్మార్ట్‌లోని ముఖ్యమైన నాలుగు లెక్కలలో ఏ హెచ్చరికా చూపలేదు. కొత్తగా వచ్చే ఎస్.ఎస్.డి.లలో తిరిగే పళ్ళేలే లేవు కనుక టిక్కు చప్పుడైనా ఉండదు.

అందుచేత హెచ్చరిక కోసం ఎదురుచూడకుండా మూడు ప్రతులు ఉంచుకోండి. అవి రెండు రకాల సాధనాలలో ఉండాలి, ఒకటి ఇంటికి దూరంగా ఉండాలి. అను లిపులలో టైపు చేసిన పాత ప్రశ్నపత్రాలుంటే ఆ ఫాంట్లను కూడా భద్రపరచండి. వీలైతే యూనికోడులోకి మార్చండి. లేకపోతే ఫైలు దక్కినా అక్షరం దక్కదు.

నా డిస్కునుండి బెంగళూరులో కొంత వెలికితీశారు. కొన్ని పాటలు పిల్లల తల్లిదండ్రుల ఫోన్లలో దొరికాయి, నేను పంపి మరచినవి. అవ్వ చెప్పిన ముప్పావుగంట మాత్రం రాలేదు. ఆమె మనవడు నా తరగతిలోనే ఉన్నాడు. "అవ్వ మాట ఒకసారి వినిపించండి టీచర్" అని అడిగితే ఏమి చెప్పను?

మన ఊరికి పేరిచ్చిన అశ్వత్థవృక్షం 2001లో నేలకొరిగింది. పేరు మాత్రం పోలేదు, అది వేల నోళ్ళలో ఉంది కాబట్టి. ఇప్పుడు ఏ గొంతు రికార్డు చేసినా, ఆ సాయంత్రమే ఆ ఇంటివారికి ఒక ప్రతి ఇచ్చి వస్తున్నాను. మీరు కూడా ఈ ఆదివారం రెండు గంటలు దానికి కేటాయించండి.