కొబ్బరాకు కదిలితే

సింగపూర్‌లో రాఫెల్స్ ప్లేస్ స్టేషన్ మెట్లెక్కి పైకి రాగానే ఎదురయ్యేది పచ్చిక. ఒకప్పుడు ఇక్కడున్న జాన్ లిటిల్ దుకాణం ముఖద్వారాన్ని తలపించేలా స్టేషన్ వాకిళ్లు కట్టారు. 1858 దాకా ఈ చోటి పేరు కమర్షియల్ స్క్వేర్. ఇప్పుడు చుట్టూ బ్యాంకుల మేడలే. శనివారం కాబట్టి మనుషులు పలచగా ఉన్నారు.

మా పెద్దమ్మ కొడుకు ఇక్కడే ఒక ఆఫీసులో నెట్‌వర్క్ ఇంజినీరు. సెలవు రోజున మీటింగ్ గది చూపిస్తానని పిలిచాడు. గోడంత తెర, కింద కెమెరా.

"బొమ్మ 1080యేనా అని అందరూ అడుగుతారు. దానికి ఎంత నీరు కావాలో ఎవరూ అడగరు" అన్నాడు అన్నయ్య. కోనసీమలో పుట్టినవాడికి కాలువ లెక్కే ముందు తడుతుంది మరి.

1080 అంటే ఒక్కో బొమ్మలో 20,73,600 చుక్కలు. 720లో 9,21,600. 360కి దిగితే అందులో నాలుగో వంతే. 1080 బొమ్మల్ని కుదించకుండా సెకనుకు ముప్పై చొప్పున పంపాలంటే 149 కోట్ల బిట్లు కావాలి. జూమ్ ఇద్దరి మధ్య కాల్‌కి చెప్పే లెక్క చూడండి: 720కి 1.2 మెగాబిట్లు, 1080 పంపడానికి 3.8. కుదింపు చేసే పని అది. కదలని గోడను మళ్లీ మళ్లీ పంపదు, మారిన భాగాన్నే పంపుతుంది.

ఊళ్లో పొద్దున పదిన్నరకు, అంటే ఇక్కడ మధ్యాహ్నం ఒంటిగంటకు, పెద్దమ్మకు కాల్ చేశాం. పెరట్లో ఉంది. వెనక గాలికి కొబ్బరాకులు ఊగుతున్నాయి. అన్నయ్య కాల్ వివరాలు తెరిచాడు: 640×360. ముఖం గళ్లు గళ్లుగా విడిపోతోంది.

"అమ్మా, లోపలికొచ్చి గోడకానుకుని కూర్చో."

కూర్చుంది. సిగ్నల్ అదే, బిట్లూ దాదాపు అన్నే. కాసేపటికి బొమ్మ 720కి ఎక్కింది, నుదుటి కుంకుమ స్పష్టంగా కనిపించింది. కొబ్బరాకుల ప్రతి ఊపుకీ ఖర్చవుతున్న బిట్లన్నీ ఇప్పుడు ఆమె ముఖానికి దక్కాయి. ఇన్నేళ్లుగా కాల్స్ చేస్తూ ఈ సంగతి నాకు తట్టనే లేదు.

దూరం అడ్డేమో అనుకున్నాను. చెన్నై, సింగపూర్‌ల మధ్య సముద్రం అడుగున 2002లోనే దాదాపు 3,200 కిలోమీటర్ల తీగ వేశారట. ఆ దూరం వెలుగుకు సెకనులో యాభయ్యో వంతు కూడా పట్టదు. ఇరుకంతా శివారులోనే: పెద్దమ్మ ఫోను నుంచి టవర్‌కి పైకి వెళ్లే దారిలో. ప్రకటనల్లో దిగుమతి వేగాన్నే పెద్ద అక్షరాల్లో వేస్తారు. ఊళ్లో అమ్మానాన్నలున్న ప్రతివాడూ అడగాల్సింది ఎగుమతి వేగం.

మాటకైతే సెకనుకు 30, 40 కిలోబిట్లు చాలు. అందుకే దారి ఇరుకైతే ముందు బొమ్మను తగ్గించి మాటను కాపాడాలి అంటాడు అన్నయ్య. నేనూ అదే అంటాను.

ఇంతలో పెద్దమ్మ ఫోను పట్టుకుని వంటింట్లోకి వెళ్లింది. అక్కడ సిగ్నల్ తక్కువ. బొమ్మ మళ్లీ 360కి దిగింది. ఒళ్లో చేట పెట్టుకుని ఏదో ఏరుతోంది. కందిపప్పో పెసరపప్పో నాకు తెలియలేదు. అడిగాను.

"పెసరపప్పేరా" అంది. ఆ మాట ఎక్కడా తెగకుండా వచ్చింది.