కొర్రబయలు నుంచి కొళాయి దాకా

మా హాస్టల్లో నాకు 'చైన్ గాడు' అని పేరు. పెట్టింది నా రూమ్మేటే. శనివారం రాత్రి అందరూ ల్యాప్‌టాప్ ముందు గుంపుగా కూర్చుని సినిమా చూస్తుంటే, నేను కారిడార్లో న్యూస్‌పేపర్ పరుచుకుని, సైకిల్‌ని తలకిందులుగా నిలబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో చైన్ తోముతూ ఉంటాను. "ఒరే, నీ పళ్లు కూడా ఇంత శ్రద్ధగా తోముకోవు కదరా" అంటాడు వాడు. నిజమే, తోముకోను.

సైకిల్ సెకండ్ హ్యాండ్‌ది. ఇంటర్ పిల్లలకి మ్యాథ్స్ చెప్పి దాచుకున్న డబ్బులకి అమ్మ ఆరు వేలు కలిపితే కొన్నాను. అప్పట్నుంచీ దానికి ఒంట్లో బాగోలేకపోతే నాకు నిద్రపట్టదు. చైన్ సాగిందో లేదో స్కేలు పెట్టి కొలుస్తాను. కొత్త చైన్‌లో ఇరవై నాలుగు లింకులు కలిపితే కరెక్టుగా 12 అంగుళాలు ఉంటాయి. అది అంగుళంలో పదహారో వంతు పెరిగిందంటే చైన్ మార్చెయ్యాలి, లేకపోతే వెనకాల పళ్లచక్రాన్ని కూడా అరగదీసేస్తుంది. చిన్న పార్టు మార్చడానికి బద్ధకిస్తే పెద్ద పార్టు పోతుందన్నమాట. ఈ మాట నేను జూనియర్లకి చాలాసార్లు చెప్పాను. మా సీఎస్ వాళ్ల భాషలో దీన్ని టెక్నికల్ డెట్ అంటారని కూడా చెప్పి స్టైల్ కొట్టాను.

ఇదంతా ఎందుకు చెబుతున్నానో చివర్లో మీకే తెలుస్తుంది. నాకు తెలియడానికి మాత్రం ఒక ఘాట్ రోడ్డు పట్టింది.

మేం ఐదుగురం. వైజాగ్‌లో ఆదివారం పొద్దున్నే బీచ్ రోడ్డు మీద భీమిలి వైపు తొక్కే బ్యాచ్. పోయిన డిసెంబర్లో మా సీనియర్ అన్న ఒకడు "చలి చలి అని హాస్టల్లో దుప్పటి కప్పుకోవడం కాదు, అసలు చలి చూద్దాం రండి" అని లంబసింగి ప్లాన్ వేశాడు. మా ఊరు నర్సీపట్నం. లంబసింగికి వెళ్లాలంటే మా ఊరి మీదుగానే వెళ్లాలి. శనివారం హైవే మీద అనకాపల్లి దాటి, తాళ్లపాలెం దగ్గర కుడివైపు తిరిగి మా ఇంటికి చేరడం, రాత్రి అక్కడే పడుకోవడం, ఆదివారం తెల్లారకముందే కొండ ఎక్కడం. ఇదీ ప్లాన్. నాకైతే డబుల్ హ్యాపీ. సెమిస్టర్ మొదలయ్యాక ఇంటికి వెళ్లనేలేదు.

సాయంత్రం ఐదింటికి ఇంటికి చేరాం. నాన్న లారీ మీద ఉన్నారు. ఆయన నెలలో పది రోజులు ఇంట్లో ఉంటే ఎక్కువ. అమ్మ మా ఐదుగురికీ వంకాయ కూర, పప్పు, అప్పడాలు చేసి ఉంచింది. తినేముందు సైకిళ్లకి పట్టిన హైవే దుమ్ము కడుగుదామని పెరట్లోకి వెళ్లాం. అక్కడ కొళాయికి ఒక గుడ్డముక్క కట్టి ఉంది. దాని చివర్నుంచి నీళ్లు బొట్లు బొట్లుగా కారుతున్నాయి. కింద చప్టా అంతా పచ్చగా నాచు.

"అమ్మా, కొళాయి సరిగ్గా కట్టొచ్చు కదా. నీళ్లన్నీ వేస్ట్" అన్నాను.

"అది బిగుసుకోదురా" అంది అమ్మ వంటింట్లోంచి.

నేను వెళ్లి గట్టిగా తిప్పాను. కట్టుబడింది. "ఇదిగో, కట్టుబడింది చూడు. కొంచెం బలంగా తిప్పాలంతే" అన్నాను, ఏదో కనిపెట్టినట్టు. తర్వాత అదే కొళాయి పక్కన పీట వేసుక్కూర్చుని, గేరు మారేటప్పుడు కొద్దిగా సౌండ్ వస్తోందని, అరగంట సేపు కేబుల్ టెన్షన్ సరిచేసుకున్నాను.

భోజనాల దగ్గర అమ్మ ఎడం చేత్తో గరిటె పట్టుకుని వడ్డించింది. "ఏటమ్మా, ఎడం చేత్తో వడ్డిస్తున్నావు, చుట్టాల ముందు" అని జోక్ చేశాను కూడా. అమ్మ నవ్వేసింది. సీనియర్ అన్న మాత్రం నవ్వలేదు. గిన్నె తన చేతిలోకి తీసుకుని "మేం వడ్డించుకుంటాం ఆంటీ, మీరు కూర్చోండి" అన్నాడు. అప్పుడు కూడా నాకు వెలగలేదు.

తెల్లవారుజామున మూడున్నరకి లేచేసరికి అమ్మ అప్పటికే పెరట్లో కట్టెల పొయ్యి మీద నీళ్లు కాస్తోంది. హీటర్ రాడ్ పాడై రెండు నెలలైందట. మేం బయల్దేరుతుంటే తలో రెండు పాత పేపర్లు తెచ్చి ఇచ్చింది.

"ఎక్కేటప్పుడు అక్కర్లేదు. చెమట పట్టీసుద్ది. దిగేటప్పుడు చొక్కా లోపల గుండెకి అడ్డంగా పెట్టుకోండి."

మా తాతయ్య చింతపల్లి సంతకి బట్టలు అమ్ముకోడానికి వెళ్లేవాడట. వెళ్లేటప్పుడు సైకిల్‌ని బస్సు టాపు మీద వేసుకుని, వచ్చేటప్పుడు ఘాట్ అంతా తొక్కుకుంటూ దిగేవాడట. చలికాలం ఆయన కోటు ఈ పేపరే. యూరప్‌లో రేసర్లు కూడా కొండ మీద నుంచి దిగేముందు జెర్సీ లోపల పేపర్ దోపుకునేవాళ్లని నేను యూట్యూబ్‌లో చూశాను. మా ఇంట్లో వాళ్లకే తెలుసని మాత్రం నాకు తెలీదు. తాతయ్య సైకిల్ తొక్కేవాడని తెలుసు. ఎందుకు తొక్కేవాడో ఎప్పుడూ అడగలేదు.

నర్సీపట్నం నుంచి లంబసింగికి ముప్పై కిలోమీటర్లు దాటి ఉంటుంది. డౌనూరు దాకా మామూలు రోడ్డే. అక్కడ్నుంచి ఘాట్. పైన ఊరు సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉంటుంది. ప్రతి వంద మీటర్లకీ సుమారు అర డిగ్రీ పైనే చల్లబడుతుందంటారు కదా, అది టెక్స్ట్‌బుక్‌లో చదవడం వేరు, సైకిల్ మీద కూర్చుని ఒంటితో కొలవడం వేరు. ఎక్కేటప్పుడు అమ్మ చెప్పినట్టే చెమట. జాకెట్లు విప్పి నడుముకి కట్టుకున్నాం. చిన్న గేరు, నెమ్మదిగా ఊపిరి, లైటు వెలుగులో పది అడుగుల రోడ్డు. మాటల్లేవు. మలుపు తిరిగిన ప్రతిసారీ గాలి ఇంకాస్త పదునుగా తగులుతోంది.

పైకి చేరేసరికి తెల్లారింది. తెల్లారింది అనడమే కానీ ఏమీ కనిపించదు. అంతా మంచు. లంబసింగిని అక్కడివాళ్లు కొర్రబయలు అని కూడా అంటారు. రాత్రి బయట ఉంటే తెల్లారేసరికి మనిషి కొర్రలా, అంటే కర్రలా, బిగుసుకుపోతాడని అర్థం చెబుతారు. డిసెంబర్, జనవరిల్లో పేపర్లో వచ్చే సింగిల్ డిజిట్ టెంపరేచర్లు చింతపల్లి వ్యవసాయ పరిశోధన కేంద్రం వాళ్లు కొలిచేవి. ఆ రోజు ఎంతో నేను చూడలేదు. ఫోన్ తీయడానికి వేళ్లు వస్తే కదా. చెరువులవేనం వైపు వెళ్లే కార్లు హారన్లు కొడుతూ పోతున్నాయి. రోడ్డు పక్కన స్ట్రాబెర్రీలు డబ్బాల్లో పెట్టి అమ్ముతున్నారు. టీ కొట్టు దగ్గర మంట వేస్తే టూరిస్టులందరూ చుట్టూ మూగారు. కొట్టు పిన్ని మాత్రం మంటకి దూరంగా కూర్చుని, బకెట్లో చన్నీళ్లలో గ్లాసులు ముంచి తీస్తోంది.

అసలు కథ దిగేటప్పుడు. ఎక్కడంలో ఒళ్లు వేడెక్కుతుంది. దిగడంలో కాళ్లకి పని ఉండదు, చెమట తడి అలాగే ఉంటుంది, గంటకి ముప్పై, నలభై కిలోమీటర్ల స్పీడులో గాలి కొడుతుంది. చలి రైడ్‌లో మనిషి దెబ్బతినేది ఇక్కడే. గుండెల మీద పేపర్ ఉంది కాబట్టి ఛాతీ బాగానే ఉంది. చేతులకి మాత్రం సగం వేళ్ల గ్లవ్స్. పూర్తి వేళ్లవి కొందామనుకుని ఆ డబ్బులతో చైన్ లూబ్ కొన్నాను.

మూడో మలుపో నాలుగో మలుపో. కింద నుంచి టూరిస్టు బస్సు వస్తోంది. బ్రేకు పట్టాను. పట్టాననుకున్నాను. వేళ్లు లివర్ మీదే ఉన్నాయి, నాకు కనిపిస్తున్నాయి, కానీ మూసుకోవడం లేదు. దానికితోడు మంచుకి రిమ్ తడిసి ఉంది, బ్రేకు రబ్బరు పట్టడానికి మామూలు కంటే ఎక్కువ నొక్కాలి. రెండు చేతుల్లో ఉన్న బలమంతా పెట్టి, పాదం కూడా రోడ్డుకి ఈడ్చి, ఎడమవైపు మట్టిలోకి దిగి ఆగాను. బస్సు నా పక్కనుంచి పోయింది. డ్రైవర్ ఏదో తిట్టాడు, తిట్టాల్సిందే.

నా సైకిల్‌లో ఏ లోపమూ లేదు. బ్రేకు రబ్బర్లు కొత్తవి, కేబుల్ కొత్తది, రాత్రే చెక్ చేశాను. పాడైంది పట్టుకునే చెయ్యి.

సీనియర్ అన్న వెనక్కి వచ్చి, నా రెండు చేతులూ చంకల్లో పెట్టుకోమన్నాడు. పది నిమిషాలు అలా నిలబడ్డాను. వేళ్లలోకి రక్తం తిరిగి వస్తుంటే సూదులతో గుచ్చినట్టుంది. అప్పుడు, ఎందుకో మరి, కొళాయి గుర్తొచ్చింది. 'అది బిగుసుకోదురా.' కొళాయి బిగుసుకుంటుంది. నేను తిప్పితే బిగుసుకుంది కదా. అమ్మ చేతికే బిగుసుకోవడం లేదు. ఎడం చేత్తో గరిటె. బొట్లు బొట్లుగా నీళ్లు, కింద నాచు. స్టెప్పులన్నీ ఒక్కసారిగా కనిపించాయి. కోడ్‌లో బగ్ దొరికితే హాయిగా ఉంటుంది. ఇది దొరికితే కడుపులో తిప్పింది.

మిగతా ఘాట్ అంతా ప్రతి రెండు మలుపులకీ ఆగుతూ, చేతులు రుద్దుకుంటూ దిగాను.

ఇంటికెళ్లి "చెయ్యి చూపించు" అన్నాను. అమ్మ ముందు "ఏం లేదు" అంది. తర్వాత చూపించింది. మణికట్టు ఇంకా కొద్దిగా వాచి ఉంది. కార్తీకమాసంలో తెల్లవారుజామున దీపం పెట్టడానికి వెళ్లి, ఆ నాచు మీద కాలు జారి పడిందట. చెయ్యి ఆనించిందట. "నీకు పరీక్షలు కదా, మీ నాన్న ఒడిశాలో ఉన్నారు, ఎవరికని చెప్పను" అంది. అప్పట్నుంచి నేను వారానికి రెండుసార్లు ఫోన్ చేశాను. ప్రతిసారీ 'తిన్నావా' అని అడిగాను. తిన్నానని చెప్పింది. అడిగిన దానికి సరిగ్గానే చెప్పింది.

మా వాళ్లని పంపించేసి నేను ఉండిపోయాను. సోమవారం హాస్పిటల్‌కి తీసుకెళ్లాను. ఎక్స్‌రేలో ఎముక విరగలేదు. నరం బెణికింది, ముందే రావాల్సింది, మూడు వారాలు పట్టీ వేసుకుని బరువులు ఎత్తకూడదన్నారు.

ఆ సాయంత్రం కొళాయి పట్టాను. వాషర్ అరిగితే కొళాయిని ఇంకా గట్టిగా బిగిస్తాం, గట్టిగా బిగించేకొద్దీ వాషర్ ఇంకా అరుగుతుంది. చైన్ కథే ఇది కూడా. నేను జూనియర్లకి చెప్పే కథే. పది రూపాయలకి వాషర్ తెచ్చాను. మేడ మీద ట్యాంకు దగ్గర గేట్ వాల్వ్ కట్టేద్దామంటే అది తుప్పుపట్టి కదల్లేదు. నా చైన్ లూబ్ దాని మీద పోశాను. అరగంట నానాక కదిలింది. వాషర్ మార్చాను. అయినా బొట్టు ఆగలేదు. లోపల సీటింగ్ కూడా అరిగిపోయిందని హార్డ్‌వేర్ షాపాయన చెప్పి, పావు చుట్టు తిప్పితే కట్టుబడే రకం కొళాయి ఇచ్చాడు. అందులో రబ్బరు వాషర్ బదులు రెండు సిరామిక్ బిళ్లలుంటాయి, బలం అక్కర్లేదు, ఒక్క వేలితో తిప్పొచ్చు. మూడు వందల యాభై రూపాయలు. నా చైన్ లూబ్ సీసా నాలుగు వందల యాభై.

మంగళవారం పొద్దున్న బ్లీచింగ్ పౌడర్ చల్లి చప్టా మీద నాచంతా గీకాను. హీటర్ రాడ్ కొత్తది తెచ్చాను. అమ్మ పీట మీద కూర్చుని, పట్టీ కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని చూస్తోంది. కాసేపటికి నెమ్మదిగా అంది, "నీ సైకిల్‌కున్న అదృష్టం ఈ ఇంటికి కూడా పట్టిందిరా."

తిట్టలేదు. నవ్వుతూనే అంది. నేను తల వంచుకుని బ్రష్‌తో రుద్దుతూనే ఉన్నాను.

నేనేమీ మారిపోయిన మనిషిని కాదు. ఇప్పటికీ శనివారం చైన్ తోముతాను, రూమ్మేట్ ఇప్పటికీ వెక్కిరిస్తాడు. పూర్తి వేళ్ల గ్లవ్స్ కొన్నాను. మారింది ఒక్కటే, ఫోన్‌లో అడిగే ప్రశ్న. 'తిన్నావా' అంటే అమ్మలందరూ తిన్నాననే చెబుతారు. ఇప్పుడు 'ఇంట్లో ఏం పాడైంది' అని అడుగుతున్నాను. మొదటి రెండు వారాలు "ఏం పాడవలేదు" అంది. మూడో వారం కాసేపు ఆగి, "వంటింట్లో స్విచ్ ఒకటి వేస్తుంటే చిటపటమంటోంది" అంది.

సంక్రాంతికి వెళ్లేటప్పుడు బ్యాగులో పెట్టుకున్న మొదటి వస్తువు టెస్టర్. ఆ వారం రోజులూ సైకిల్ హాస్టల్లోనే ఉంది.