దండెం మీద నాలుగే గుడ్డలు

“డాక్టరుగారూ, నాకు పాలు లేవండీ.”

ప్రభుత్వాసుపత్రిలో ముప్ఫయ్యేళ్ళకు దగ్గరపడుతున్న నా ఉద్యోగంలో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. పురుడు వచ్చిన రెండో రోజు నుంచే మొదలవుతుంది. బాలింత చెప్పకపోతే ఆమె తల్లి చెబుతుంది. ఆవిడా ఊరుకుంటే పక్క మంచం మీది మనిషి చెబుతుంది. నా జవాబు కూడా ఎప్పుడూ ఒకటే. “పాలు బొత్తిగా పడని తల్లి బహు అరుదమ్మా. పట్టిస్తూ ఉండు, అవే పడతాయి” అనేసి పక్క మంచం దగ్గరికి నడిచేదాన్ని.

ఆ జవాబు తప్పు కాదు. అయితే అది సగం జవాబేనని నాకు ఆసుపత్రిలో తెలియలేదు. కిందటేడు మా ఇంట్లో తెలిసింది.

మా అమ్మాయి తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. నొప్పులు వచ్చి గంటలు గడిచినా కాన్పు కాక, చివరికి ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. బరువు 2 కిలోల 900 గ్రాములు. ఆపరేషన్ కాన్పు ఇవాళ వింతేమీ కాదు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 మందికి పైగా, తెలంగాణలో 60 మందికి పైగా పిల్లలు ఆపరేషన్‌తోనే పుట్టారు. పొట్ట కోశాక బిడ్డను రొమ్ముకు పట్టించడం తరచు ఆలస్యమవుతుంది. తల్లి ఒక పక్కకు తిరగాలన్నా కుట్లు లాగుతాయి. పాలు పడటం కూడా ఒక రోజు వెనకబడవచ్చు. పుట్టిన గంటలోగా రొమ్ము పట్టించాలని మేము గోడల మీద రాయిస్తాం. అదే సర్వేలో దేశం మొత్తం మీద అలా జరిగినది నూటికి 42 మంది లోపు పిల్లలకే. నా మనవరాలు కూడా ఆ లెక్కలోకి రాలేదు. నాలుగో గంటకు గాని తల్లి దగ్గరకు చేరలేదు.

మొదటి రెండు మూడు రోజులు వచ్చేవి ముర్రుపాలు. పచ్చగా, చిక్కగా, చెంచాల లెక్కన ఉంటాయి. అప్పటి బిడ్డకు అవే చాలు, రోగాలను ఎదుర్కొనే శక్తి అందులోనే ఉంది. మా చిన్నతనంలో వాటిని పిండి పారబోసి పంచదార నీళ్ళో తేనో నాకించేవారు. ఆ అలవాటు ఇంకా కొన్ని ఇళ్ళలో ఉంది, వెంటనే మానెయ్యండి. మూడు నాలుగు రోజులకు రొమ్ములు బరువెక్కి అసలు పాలు దిగుతాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే బాలింతను ఇంటికి పంపేస్తాం. పాలు నిలుస్తాయా లేదా అన్నది తేలే సమయానికి ఆ పిల్ల దగ్గర నర్సూ ఉండదు, డాక్టరూ ఉండదు. చుట్టాలుంటారు!

మా ఇంట్లో డాక్టరు ఉంది కదా అని అందరికీ ధైర్యం. నాకు ఇంకా ధైర్యం. నాలుగో రోజు సాయంత్రం ఇంటికి తీసుకొచ్చాం. పిల్ల ఏడుపన్నది ఎరగదు. రొమ్ముకు పెడితే నాలుగు చప్పరింపులు చప్పరించి నిద్రపోయేది. “బంగారు తల్లి, అమ్మను ఎంత సుఖపెడుతోందో!” అని వచ్చినవాళ్ళందరూ మెచ్చుకున్నారు. నేనూ మురిసిపోయాను. ఇదే మాట వార్డులో ఏ తల్లైనా అని ఉంటే వెంటనే ఆ బిడ్డను విప్పి చూసి ఉండేదాన్ని.

అయిదో రోజున మా వియ్యపురాలు చూడటానికి వచ్చింది. పిల్లను ఒళ్ళో పెట్టుకుని, కాసేపు చూసి, “వదినగారూ, కోపం తెచ్చుకోకండి. అమ్మాయికి పాలు పడినట్టు లేవు. డబ్బా తెప్పించనా?” అంది.

నాకు కోపం వచ్చింది. ఆవిడకు ఒక ఉపన్యాసమే ఇచ్చాను. డబ్బాపాల ప్రచారానికి కళ్ళెం వెయ్యటానికి మన దేశంలో 1992లో చట్టమే వచ్చిందన్నాను. ఆరు నెలల వరకు తల్లిపాలు తప్ప నీళ్ళ చుక్క కూడా అక్కరలేదన్నాను. ఒకసారి సీసా అలవాటైతే రొమ్ము పట్టదన్నాను. ఆవిడ మర్యాదస్తురాలు, “మీకంటే నాకు తెలుసా” అని ఊరుకుంది. నేను చెప్పినవన్నీ నిజాలే. కాని పిల్ల పాలు తాగేటప్పుడు ఒక్కసారీ పక్కన కూర్చుని చూడలేదు. ఆ సంగతి ఆవిడకు చెప్పలేదు.

ఆరో రోజు పొద్దున నేను ఆసుపత్రికి బయలుదేరుతుంటే మా అమ్మ పిలిచింది. అమ్మకు ఎనభై దగ్గరపడ్డాయి, బడికి వెళ్ళిన మనిషి కాదు. డైపర్లు వెయ్యనివ్వక, పాత చీరలు చింపి పొత్తిగుడ్డలు తనే చేసింది. నాకది చాదస్తంగానే తోచింది.

“ఏమే డాక్టరమ్మా, దండెం మీద నాలుగే గుడ్డలున్నాయేమిటి? పసిపిల్ల ఉన్న ఇల్లేనా ఇది? నిన్న పొద్దుటి నుంచీ ఇంతే.”

వెళ్ళి చూశాను. ఆరెయ్యకుండా పక్కన పెట్టిన గుడ్డ మీద ఇటుకపొడి రంగు మరక. అది నెత్తురు కాదు. మూత్రం బాగా చిక్కబడితే అలాంటి మరక పడుతుంది. మొదటి రెండు రోజుల్లో కనిపిస్తే కంగారు పడనక్కరలేదు. ఆరో రోజున కనిపించకూడదు. విరేచనం కూడా ఇంకా నల్లగా, ఆకుపచ్చగానే ఉంది. ఈపాటికి పసుపు రంగుకు తిరిగి ఉండాలి. పిల్ల గుడ్డలన్నీ తీసేసి వెలుతురులో పెట్టి చూశాను. నోరు పొడిగా ఉంది. పచ్చదనం పొట్ట దాకా దిగింది. ముందు రోజు సాయంత్రం ఆ పిల్లను ఒళ్ళో పెట్టుకుని జోకొట్టింది కూడా నేనే.

ఆసుపత్రికి తీసుకెళ్ళి కాటా మీద పెడితే 2 కిలోల 550 గ్రాములు. పుట్టిన ప్రతి బిడ్డా మొదటి రోజుల్లో కొంత బరువు తగ్గుతుంది. పదో వంతు లోపు తగ్గి, రెండు వారాల్లో మళ్ళీ పుంజుకుంటే భయం లేదు. మా పిల్ల పదో వంతు దాటి తగ్గింది. పిల్లల డాక్టరు నాకంటే పదిహేనేళ్ళు చిన్నవాడు. రక్తపరీక్ష చేయించి, “ఒంట్లో నీరు తగ్గింది, ఉప్పు కొంచెం పెరిగింది మేడమ్. సెలైను దాకా రాలేదు. ఒక్క రోజు ఇక్కడే ఉంచుదాం. ఇంకో రోజు ఆలస్యం చేసి ఉంటే...” అని ఆగిపోయాడు. పూర్తి చెయ్యనక్కరలేదు. అలా ఆలస్యమై, ఫిట్స్‌తో వచ్చిన పిల్లల్ని నేనూ చూశాను.

ఆ రోజు మా అమ్మాయి చెప్పిన మాట ఇంకా నా చెవిలో ఉంది. “పట్టిస్తుంటే ప్రాణం పోయేంత నొప్పమ్మా. మొనలు పగిలి నెత్తురు వస్తోంది. డాక్టరు కూతురు పాలివ్వలేకపోతోందంటే అందరూ నవ్వుతారని చెప్పలేదు.” పళ్ళ బిగువున ఓర్చుకుందన్నమాట. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

తప్పు ఎక్కడుందో పట్టుకున్నది నేను కాదు. పురిటి వార్డులో ఏళ్ళ తరబడి పనిచేస్తున్న మా నర్సమ్మ. నిమిషం సేపు చూసి, “మేడమ్‌గారూ, పిల్ల మొన మాత్రమే పట్టుకుంది. గుటక వినబడుతోందా మీకు?” అంది. వినబడటం లేదు. చిటికెన వేలు పిల్ల పెదవి మూల నుంచి దూర్చి, నెమ్మదిగా పట్టు విడిపించింది. వీపు వెనక దిండు పెట్టించి, కుట్ల మీద బరువు పడకుండా పిల్లను చంక కింద నుంచి పట్టుకోవటం నేర్పింది. బిడ్డ నోరు ఆవులించినంత వెడల్పుగా తెరిచే దాకా ఆగి, అప్పుడు బిడ్డను రొమ్ముకు చేర్చాలి, రొమ్మును బిడ్డ మీదకు వంచకూడదు. మొన చుట్టూ ఉన్న నల్లని వలయంలో చాలా భాగం నోట్లోకి పోవాలి. గడ్డం రొమ్ముకు ఆనాలి. కింది పెదవి బయటికి తిరగాలి. ఇలా పట్టుకుంటే మొదటి క్షణాల తరవాత నొప్పి ఉండదు. విడవని నొప్పి ఉంటే పట్టు తప్పిందని గుర్తు, ఓర్పుకు పరీక్ష కాదు సుమా!

పాడి ఉన్న ఇళ్ళవాళ్ళకు ‘చేపు’ అన్న మాట తెలుసు. దూడ కుడుముతుంటే ఆవు చేపుతుంది. కొత్తమనిషి వచ్చినా, బెదిరినా చేపదు. తల్లికీ అంతే. పొదుగులో పాలున్నంత మాత్రాన ధార రాదు. నొప్పి, దిగులు, చుట్టూ నలుగురు నిలబడి “పడ్డాయా, పడ్డాయా” అని అడగటం ఆ చేపును ఆపేస్తాయి. ఇక రొమ్ము ఖాళీ అయితేనే కొత్త పాలు ఊరతాయి. బిడ్డ సరిగా లాగకపోతే ఖాళీ కాదు. ఖాళీ కాకపోతే ఊరటం తగ్గుతుంది. అందుకే రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు, రాత్రిళ్ళు కూడా పట్టించాలంటాం. మొదటి రోజుల్లో నిద్రపోయే బిడ్డను లేపి మరీ పట్టించాలి.

ఇప్పుడు డబ్బా సంగతి. పిల్లల డాక్టరు రొమ్ము పట్టించిన తరవాత ప్రతిసారీ 30 మిల్లీలీటర్లు పైపాలు పొయ్యమన్నాడు. ముందు చేత్తో పిండిన తల్లిపాలు, తక్కువైతే డబ్బాపాలు. మొదటిసారి పిండితే రెండు చెంచాలు వచ్చాయి. మా అమ్మాయి ఆ గిన్నెలోకి చూసి ఏడ్చింది. మిగతాది నేను కలిపాను. ఇన్నేళ్ళూ ఎందరి చేతుల్లోంచో ఆ డబ్బా లాక్కున్నదాన్ని, కాచి చల్లార్చిన నీళ్ళు కొలిచి, చెంచా కొలిచి, నా చేత్తోనే కలిపాను. సీసా వాడలేదు. నీళ్ళలో మరిగించిన ఉగ్గుగిన్నెతో పోశాం. మందును వాడినట్టు, ఇంత మోతాదు, ఇన్ని రోజులు అని వాడాం. వియ్యపురాలికి నేనే ఫోను చేసి చెప్పాను. ఆవిడ ఒక్క ముక్క కూడా దెప్పలేదు. సాయంత్రానికి తెలగపిండి మునగాకు కూర పంపింది. దానివల్ల పాలు పెరుగుతాయని గట్టిగా చెప్పలేను గాని, అమ్మాయి ఇష్టంగా తిన్నది. అసలు పత్యం పేరుతో బాలింతను మాడ్చి, నీళ్ళు కూడా కొలిచి ఇవ్వటం మాత్రం మంచిది కాదు. ఆకలైనంత తినాలి, దాహమైనంత తాగాలి.

మూడో రోజుకు పిండితే అరగిన్నె దాటింది. పిల్ల గుటకలు గదిలోకి వినబడ్డాయి. నాలుగో రోజున డబ్బా ఆపేశాం.

అప్పటినుంచి వార్డులో బాలింతల్ని ఇంటికి పంపేటప్పుడు “పాలు పడ్డాయా?” అని అడగటం మానేశాను. దగ్గర కూర్చుని ఒకసారి పట్టించమని చూస్తాను. ఇంటికి వెళ్ళాక గుడ్డలు లెక్కపెట్టమంటాను. అయిదో రోజు నుంచి రోజుకు ఆరుకు తగ్గకుండా తడవాలి. డైపరు వాడేవాళ్ళకు ఆ వారం రోజులైనా గుడ్డలే కట్టమంటాను. గుడ్డలు తక్కువగా తడిసినా, ఇటుకపొడి మరక కనిపించినా, అయిదో రోజుకూ విరేచనం పసుపు రంగుకు తిరగకపోయినా, బిడ్డ లేపినా లేవక మగతగా ఉన్నా, పచ్చదనం కాళ్ళ దాకా పాకినా మర్నాటి దాకా ఆగవద్దు, ఆ పూటే తీసుకురండి. తల్లికి జ్వరం వచ్చి రొమ్ము ఒకచోట ఎర్రగా, గట్టిగా అయితే ఆమె కూడా రావాలి. అప్పుడు కూడా పాలివ్వటం ఆపకూడదు. గుడ్డలు బాగా తడిసి, బరువు పెరుగుతూ ఉంటే మాత్రం, బిడ్డ ఎంత ఏడ్చినా “పాలు చాలటం లేదు” అన్న మాట ఎవరు చెప్పినా వినవద్దు.

పదిహేనో రోజున మా పిల్ల 2 కిలోల 920 గ్రాములు తూగింది. ఆ సాయంత్రం మా అమ్మ రెండో దండెం కట్టమని గొడవ చేసింది.