చెన్నపట్టణములో నొకదినము

పట్టణమును చూచుట వేఱు, ఒకరు చూపింపగా చూచుట వేఱు. తానుగా తిరుగువాడు దారి తప్పును, అలసిపోవును. కాని తన కిచ్చవచ్చినచోట నిలుచును. సందర్శకుల బస్సులో పోవువానికి దారి తప్పుదునను భయము లేదు, నిలుచు స్వాతంత్ర్యమును లేదు. గత వేసవి సెలవులలో మేము మా తల్లిగారిని వెంటబెట్టుకొని చెన్నపట్టణమునకు పోయి, ఒకదినము ఆ రెండవ విధముగా నగరమును చూచితిమి. అందు మేము తెలిసికొన్న సంగతులను, మా తల్లిగారు అడిగిన యొక ప్రశ్నను మా విద్యార్థులకును వారి తలిదండ్రులకును చెప్పవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా తల్లిగారికి డెబ్బదిరెండేండ్లు. ఆమె పుట్టినిల్లు నంద్యాల జిల్లాలో వెలుగోడు ప్రాంతము. తెలుగుగంగ కాలువ త్రవ్వినప్పుడు వారి జొన్నచేనిలో రెండెకరములు కాలువ క్రింద పోయెను. పరిహారము చేతి కందెను గాని ఆ చేని జొన్నలు మఱల గాదెకు రాలేదు. “ఈ నీళ్లు చెన్నపట్టణము వఱకు పోవునట” అని మా తాతగారు పలుమాఱు చెప్పెడివారు. సముద్రము చూతమురమ్మని మేము పిలిచినప్పుడు ఆమె కంత యాసక్తి కలుగలేదు. “మన చేనిమీదుగా పోయిన నీళ్లు ఏ గడప చేరినవో చూచివత్తము” అని మాత్రము బయలుదేరిరి.

బస్సులో ముప్పదిమందిమి కూర్చుంటిమి. మార్గదర్శి తమిళుడు, యాభై దాటినవాడు, తెలుగును తమిళపు యాసతో చక్కగనే మాటలాడెను. మొదట మమ్ము సెయింటు జార్జి కోటకు తీసికొనిపోయెను. 1639వ సంవత్సరమున దామెర్ల వేంకటాద్రి నాయకుడను తెలుగు ప్రభువు ఇసుకపఱ్ఱయైన యీ తీరపు నేలను ఆంగ్ల వర్తకుల కిచ్చెననియు, అతని తండ్రియైన చెన్నప్ప నాయకుని పేరనే చెన్నపట్టణ మేర్పడెననియు చెప్పెను. కోటలోపలి సెయింటు మేరీ దేవాలయము 1680లో ప్రతిష్ఠింపబడినది. రాబర్టు క్లైవు వివాహము 1753లో జరిగినది అచ్చటనే. ఆ చల్లని గోడలనడుమ మాకు దొరికిన వ్యవధి పది నిమిషములు. అంతలో బస్సు బూర మ్రోగెను.

పిదప ఎగ్మూరులోని ప్రభుత్వ వస్తుప్రదర్శనశాలను చూచితిమి. ఇది 1851లో స్థాపింపబడినది. నటరాజ విగ్రహము మొదలగు కంచు ప్రతిమలను చూచుటకే జనులు త్వరపడుదురు. మా కాళ్లు మాత్రము అమరావతి శిల్పములయొద్ద నిలిచిపోయినవి. 1845లో వాల్టరు ఎలియటు దొర కృష్ణాతీరమున త్రవ్వించిన శిలలు ఈ నగరమునకు వచ్చెను. వానిలో ననేకములు ఓడనెక్కి లండను నగరము చేరెను. తక్కినవానిలో కొన్ని యిచ్చట నిలిచినవి. మా తల్లిగారు ఒక పద్మపు చెక్కడమును చాలసేపు చూచి, “కృష్ణ యొడ్డు ఱాళ్లు సహితము ఈ యూరికే వచ్చినవా?” అనిరి.

మధ్యాహ్నము మైలాపూరు కపాలీశ్వరుని గోపురమును, 1896లో పునర్నిర్మాణము పూర్తియైన శాంతోము దేవాలయమును చూచి, సముద్రతీరపు వీధి వెంబడి వచ్చుచుండగా మార్గదర్శి గుండ్రని యొక పెద్ద భవనమును చూపెను. అది 1842 ప్రాంతమున మంచుగడ్డలను దాచుటకు కట్టిన యిల్లు. అమెరికా దేశపు చెఱువులు చలికాలమున గడ్డకట్టగా, ఆ గడ్డలను కోసి, ఱంపపు పొట్టులో పొదిగి, ఓడలలో నింత దూరము తెచ్చి యిచ్చట అమ్మెడివారట. 1897లో వివేకానందస్వామి ఆ భవనమున బస చేయుటచే ఇప్పుడది యాయన పేరనే వెలయుచున్నది.

మంచుగడ్డల కథ విని బస్సులోనివారందఱు నవ్విరి. మా తల్లిగారు నవ్వలేదు. “మంచుగడ్డలకు అమెరికా పోయిరి, సరే. ఇంతమందికి త్రాగుటకు నీళ్లెక్కడివి నాయనా?” అని యడిగిరి.

మార్గదర్శి క్షణకాల మూరకుండి, చేతిలోని శబ్దయంత్రమును కట్టివేసి, మా ముందు పీటపై కూర్చుండెను. “అమ్మా, కోటల సంగతి అందఱును అడుగుదురు, ఇది యెవరును అడుగరు” అని చెప్ప నారంభించెను. ఈ నగరమునకు కూవము, అడయారు అను నేఱులున్నవి గాని వాని నీరు త్రాగుటకు పనికిరాదు. 1772లో ఏడు బావులు త్రవ్వి కోటకు నీరు తెచ్చుకొనిరి. 1872లో ఎఱ్ఱకొండల చెఱువునుండి నగరమునకు నీరు వచ్చెను. 1944లో పూండి జలాశయము నిండెను. అదియు చాలలేదు. 1976లో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశములు తమ కృష్ణా జలములలో తలకు 5 టి.ఎం.సి.ల చొప్పున 15 టి.ఎం.సి.లు ఈ నగరమున కిచ్చుటకు సమ్మతించెను. ఒక్క టి.ఎం.సి. అనగా నూఱుకోట్ల ఘనపుటడుగులు. 1983లో పని కొడంబడిక జరిగెను. 3 టి.ఎం.సి.లు దారిలో ఆవిరియగునని లెక్కగట్టి, 12 మాత్రమే సరిహద్దున నప్పగించుట నిర్ణయము. శ్రీశైలమునుండి వెలుగోడునకు, అచ్చటినుండి పెన్నమీది సోమశిలకు, తరువాత కండలేరునకు, ఆపైన 152 కిలోమీటర్ల కాలువలో తమిళ సరిహద్దునకు, కడకు పూండికి ఆ నీరు ప్రయాణము చేయును. మొదటిసారి వచ్చినది 1996లో.

“అయినను 2019 వేసవిలో చెఱువు లెండిపోగా జోలారుపేట నుండి రైలులో నీరు తెచ్చుకొంటిమి. అంతకు నాలుగేండ్లముందు, 2015లో, ఇదే నగరము వానలో మునిగెను. ఇప్పుడు సముద్రపు నీటి యుప్పు తీసియు త్రాగుచున్నాము. అన్నియు గొట్టములలో కలిసిపోవును. ఏ చుక్క యే యేటిదో చెప్పలేమమ్మా” అని యతడు ముగించెను.

సాయంకాలము మెరీనా తీరమున మమ్ము దింపిరి. దేవీప్రసాదు రాయచౌధురి నిర్మించిన శ్రామిక విగ్రహము 1959 నుండి యచ్చట నున్నది; నలుగురు కూలీలు పెనుబండను కదలించుచుందురు. మా తల్లిగారు ఆ విగ్రహమును చూచి, సముద్రమునకు నమస్కరించి, కాళ్లు తడుపుకొని, వెంటనే వీధివైపు తిరిగిరి. ఎదుటి సందులో నీళ్ల లారీ నిలిచియుండెను. రంగురంగుల ప్లాస్టికు బిందెలతో స్త్రీలు వరుస తీరియుండిరి. ఆమె అచ్చటికి పోయి నిలువగా, దప్పికగొన్నదని తలచి కాబోలు, ఒక యిల్లాలు బిందెనుండి చెంబుతో నీరు ముంచి యిచ్చెను. ఒకరి భాష యొకరికి తెలియదు. మా తల్లిగారు నీరు త్రాగి, చెంబు తిరిగి యిచ్చి, మాతో నిట్లనిరి: “మన నీళ్లగునో కాదో గాని, చేను ఊరక పోలేదులే.”

ఆ మాటకు మేమేమియు చేర్చలేదు. కాలువ గట్టుననున్న కొన్ని పల్లెలలోను వేసవిలో నిట్లే బిందెలు వరుస తీరుట మేమెఱుగుదుము. ఆ సంగతి ఆమెకును తెలియును. తన చేతి కందిన చెంబెడు నీటికి మాత్ర మామె సంతసించెను. ఒక నగరముయొక్క దప్పికను, ఒక పల్లెయొక్క నష్టమును ఒకే త్రాసులో తూచి తీర్పు చెప్పుట మాకు శక్యము కాదు; రెండును ఒకే కాలువకు రెండు కొనలని మాత్రము ఆనాడు కన్నులార చూచితిమి.

విద్యార్థులారా! మీరును విహారయాత్రలకు పోవుదురు. కోటల సంవత్సరములను, గోపురముల యెత్తులను మీ పుస్తకములలో వ్రాసికొనుడు, అవియు తెలియవలసినవే. మార్గదర్శి చెప్పినది శ్రద్ధతో వినుడు, చెప్పనిదానిని వినయముతో నడుగుడు. ఈ యూరివారు త్రాగు నీరెక్కడిది, తిను బియ్య మెక్కడివి, వీనికై యెవరి నేల యెచ్చట పోయినది అని యడిగినచో, ఏ నగరమైనను మీతో మఱికొంత మాటలాడును. యాత్ర దూరమైనచో నిప్పుడే మొదలిడవచ్చును. మన పాఠశాల కుళాయిలో వచ్చు నీరు ఏ చెఱువునుండి, ఎవరి పొలముల మీదుగా వచ్చుచున్నదో ఈ సెలవులలో కనుగొని రండు.