సముద్రములోని గట్టు

మార్కాపురము, గిద్దలూరు ప్రాంతముల మెట్టపొలములలో బ్రదుకు మనకు సముద్రము దూరమే. అయినను ఆ సముద్రము నడుమనున్న గట్టు తగాదా ఒకటి మనము వినదగినది.

రామేశ్వరమునకును శ్రీలంకకును మధ్య కచ్చతీవు అను చిన్న దీవి కలదు. దాని విస్తీర్ణము 285 ఎకరములు. మన కంభము చెరువులో అట్టివి ఎన్నియో ఇముడును. అచ్చట త్రాగునీరు లేదు, కాపురమున్నవారును లేరు. జాలరులు కట్టుకొన్న పునీత అంతోనివారి దేవాలయము మాత్రము ఉన్నది.

1974 జూను నెలలో ఇందిరాగాంధీ, సిరిమావో బండారనాయకే ఒడంబడిక చేసికొనగా ఆ దీవి శ్రీలంక వైపున పడెను. అయినను మన జాలరులును యాత్రికులును పూర్వమువలె వీసా లేకయే వచ్చి పోవచ్చునని అందులోనే వ్రాసికొనిరి. 1976లో వ్రాసికొన్న ఉత్తరములు మాత్రము ఒకరి జలములలో నొకరు చేపలు పట్టరాదని కట్టడి చేసెను. నీటిమీద గీత కనబడదు. చేపకు దాని సంగతి తెలియదు. దాటిన పడవవానికి మాత్రము చెరసాల ప్రాప్తించును.

తప్పు ఒక వైపుననే కలదని తలంచకుము. తమిళ తీరపు మరపడవలు సముద్రపు అడుగును ఊడ్చుచు పోవునప్పుడు, యుద్ధమువలన చితికిన జాఫ్నా జాలరి చిన్న వల తెగిపోవును. శ్రీలంక 2017లో అట్టి వేటను నిషేధించెను. రెండు ఒడ్డులను ఉన్నది ఆకలియే.

ఈ శ్రమ తెలుగువారును ఎరుగుదురు. 2018 నవంబరులో గుజరాతు తీరమునుండి వేటకు పోయిన మన ఉత్తరాంధ్ర జాలరులను పాకిస్తానువారు పట్టుకొనిరి. 2020 జనవరి 6న 20 మంది వాఘా యొద్ద విడుదలైరి. ఏడాదికి పైగా వారి భార్యాబిడ్డలు దారి చూచిరి.

అయినను కచ్చతీవులో ఒక వింత కలదు. గీత దాటిన పడవలను పట్టుకొను శ్రీలంక నౌకాదళమే 2016లో అచ్చట క్రొత్త దేవాలయము కట్టెను. ఫిబ్రవరి, మార్చి నెలలలో వచ్చు పండుగకు ఇరుదేశముల జాలరులు ఒకే బలిపీఠము ఎదుట మోకరించిన సంవత్సరములు పెక్కు.

మూరెడు గట్టు కొరకు అన్నదమ్ములు కోర్టు వాకిట ఎడమొగము పెడమొగముగా కూర్చుండుట నేను చూచితిని. గట్టు తీసివేయుమని నేను చెప్పను, హద్దు ఉండవలసినదే. కాని నీ పొరుగువాని పశువులు నీ బావి యొద్దకు వచ్చుటకు త్రోవ విడిచితివా? వ్రాసిన త్రోవను రెండేండ్లకే మూయకుము.