మట్టి మిద్దెల కాలం

షోలాపూర్ తూర్పు భాగంలో మా పద్మశాలీల పాత ఇళ్లు ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని కూడా లేవు. తెలంగాణ జిల్లాల నుంచి వలస వచ్చిన తాతలు మగ్గం పని వెంట తెచ్చుకున్నారు, ఇల్లు మాత్రం ఈ నేల పద్ధతిలో కట్టుకున్నారు. మూరెడు మందం నల్లరాతి గోడలు, రాళ్ల నడుమ మట్టి. పైన దూలాలు, దూలాల మీద చెక్కలు, చెక్కల మీద జానెడుకు మించి మట్టి, అన్నిటికీ పైన వాన దిగనివ్వని తెల్లమన్ను.

ఎండాకాలం ఇక్కడ 43 డిగ్రీలు మామూలే. ఆ వేడి గోడ దాటి లోపలికి వచ్చేసరికి పొద్దుగూకేది. అప్పటికి మేమంతా చాపలు చంకన పెట్టుకుని మిద్దెక్కేవాళ్లం. పగలు నాయిన గుంట మగ్గం ముందు కాళ్లు లోపలికి దించి కూర్చునేవాడు. గుంటలోని తేమకు పడుగు పోగు తొందరగా తెగేది కాదు. పక్కనే అమ్మ చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేది. తడి గోనెపట్టాలో కట్టిన తునికాకు సాయంత్రం దాకా మెత్తగా ఉండేది. నూలుకు, ఆకుకు, మనిషికి కావలసిన చల్లదనం ఆ ఒక్క అర్రలోనే దొరికేది, కరెంటు లేకుండా.

అది ఊరికే వచ్చిన చల్లదనం కాదు. ఏటా తొలకరికి ముందే తెల్లమన్ను మోసుకెళ్లి మిద్దె మీద పరచాలి. ఒక్క ఏడు బద్ధకిస్తే శ్రావణంలో ఇంటినిండా గిన్నెలు పెట్టుకోవాల్సిందే. దూలాలకు చెద, గోడ సందుల్లో తేళ్లు. అలుకుడు పని, మన్ను మోసే పని ఎక్కువగా ఆడవాళ్లదే.

1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున కిల్లారి భూకంపం వచ్చింది. లాతూరు, ఉస్మానాబాద్ జిల్లాల్లో వేల మంది నిద్రలోనే చనిపోయారు. వాళ్లను చంపినవి చాలావరకు ఇలాంటి ఇళ్లే. మట్టితో పేర్చిన రాతిగోడలు విచ్చుకుని, బరువైన మిద్దెలు మీద కూలాయి. ఆ తర్వాత మట్టి మిద్దె కింద పడుకోవాలంటే ఎవరికైనా గుండె జంకింది.

తర్వాత షోలాపూర్ పక్కనే కుంభారిలో కార్మికుల కాలనీ వచ్చింది. కార్మిక నాయకుడు ఆడం మాస్టర్ నాయకత్వంలో బీడీ కార్మిక స్త్రీలు ఏళ్ల తరబడి పోరాడితే, 2006లో గోదూతాయి పరులేకర్ పేరిట 10,000 ఇళ్ల కాలనీ నిలబడింది. 2024 జనవరిలో అక్కడే రేనగర్‌లో మరో 15,000 ఇళ్ల తాళాలు కార్మికుల చేతికి అందాయి. అద్దె గదుల్లో బతుకులు వెళ్లదీసిన ఆడవాళ్లకు సొంత గడప, ఇంట్లోనే మరుగుదొడ్డి దొరకడం ఎంత పెద్ద సంగతో నాకు తెలుసు. ఆ ఇళ్లను తక్కువ చేసి మాట్లాడే హక్కు నాకు లేదు.

కానీ కాంక్రీటు స్లాబు మధ్యాహ్నానికే కాగిపోతుంది. కొత్త ఇంట్లో అమ్మ గోనెపట్టా మీద మాటిమాటికీ నీళ్లు చిలకరించేది. అయినా ఆకు పెళుసెక్కి, మడిచేటప్పుడు చీలిపోయేది. ఫ్యాను తిరిగితే ఇంకా తొందరగా ఎండేది. రాత్రి పదైనా గోడ మీద చెయ్యి పెడితే వెచ్చగానే తగిలేది.

కిల్లారి తర్వాత ఇంజనీర్లు చెప్పిన మాటలు మేం చెవిన పెట్టలేదు. గోడ మందం అంతా పట్టే పొడుగు రాళ్లు వేయండి, చుట్టూ కాంక్రీటు పట్టీ కట్టండి, మిద్దె మీద మట్టి బరువు తగ్గించండి అన్నారు. అంటే పాత ఇంటిని బాగుచేసుకునే దారి ఉంది. మేం మాత్రం భయంతో పాటు ఆ ఇంటి తెలివిని కూడా వదిలేసుకున్నాం. హైదరాబాదులో 2004లో ప్రారంభమైన సొహ్రాబ్‌జీ గోద్రెజ్ హరిత భవనంలో నడిమి వాకిలి, జాలీ గోడలు, గాలి బురుజులు ఉన్నాయి. పాత ఉపాయాలు కొత్త కట్టడంలో ఇమడవని ఇక ఎవరూ అనలేరు.

కుంభారిలో మట్టి మిద్దెలు మళ్లీ కట్టమని నేను అనను. స్లాబు మీద ఏటా తెల్ల సున్నం కొట్టుకోవచ్చు, పడమటి గోడకు వేపచెట్టు నీడ పెంచుకోవచ్చు, ఎదురెదురు కిటికీలు పెట్టుకోవచ్చు. రేపు కట్టబోయే కార్మికుల ఇళ్లకు ప్లాను గీసేవాళ్లు, పగలంతా ఆ ఇంట్లోనే కూర్చుని పని చేసే ఆడమనిషిని ముందుగా అడగాలి. ఇల్లే ఆమెకు కార్ఖానా.