మోకాలిలో మూడు సెంటీమీటర్లు

మన కాలేజీ గ్రౌండ్‌లో అన్ని జబ్బులకీ ఒకటే మందు: స్ప్రే. మడమ మెలికపడినా స్ప్రే, పిక్క పట్టేసినా స్ప్రే. పోయిన నవంబర్‌లో ఇంటర్ కాలేజ్ కబడ్డీ సెమీస్‌లో నా కుడి మోకాలి మీద కూడా అదే కొట్టారు. అర డబ్బా అయిపోయింది. తెగింది లోపల, చల్లబడింది పైన.

జరిగింది చెప్పడానికి ఎక్కువ లేదు. కూతకి వెళ్ళాను, బోనస్ గీత దాటి వెనక్కి తిరుగుతున్నాను. కుడి పాదం మ్యాట్‌కి అంటుకున్నట్టు ఆగిపోయింది, ఒళ్ళు మాత్రం తిరిగింది. ఎవరూ నన్ను ముట్టుకోలేదు. లోపల "ఫట్"మంది. డిఫెన్స్‌లో ఉన్న అమ్మాయికి కూడా వినిపించిందట. ఆ తర్వాత లేచి నాలుగడుగులు నడిచాను కూడా. లిగమెంట్ తెగితే నడవలేరు అని ఎవరైనా చెబితే నమ్మకండి. రెండు గంటల్లో మోకాలు కొబ్బరికాయంత అయింది. ఆ శబ్దం, కొన్ని గంటల్లోనే వాపు, కాలు మోపితే మోకాలు జారిపోతున్నట్టు ఉండటం, ఇవి కలిసి వస్తే స్ప్రే పక్కన పడేసి ఆర్థో డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. మర్దన మాత్రం వద్దు, ఎవరు ఎంత ప్రేమగా చేస్తానన్నా సరే.

తెగింది ఏసీఎల్. పూర్తి పేరు యాంటీరియర్ క్రూసియేట్ లిగమెంట్. తొడ ఎముకనీ కింది కాలి ఎముకనీ మోకాలి నడిమధ్యలో ఏటవాలుగా కట్టి ఉంచే తాడు అది. పొడుగు మూడు సెంటీమీటర్లకి కాస్త ఎక్కువ. దాని వెనక ఇంకోటి అడ్డంగా పోతుంది, రెండూ కలిసి ఇంటూ మార్కులా ఉంటాయి. కింది ఎముక ముందుకు జారకుండా, అతిగా మెలి తిరగకుండా ఆపడం దీని డ్యూటీ. మెకానికల్ వాళ్ళ కోసం ఒక అంకె: వయసులో ఉన్నవాళ్ళ ఏసీఎల్ తెగాలంటే సుమారు 2,000 న్యూటన్లు కావాలని ల్యాబుల్లో లాగి చూశారు. అంటే రెండు క్వింటాళ్ళు వేలాడదీసినట్టు. అంత గట్టిది ఎవరూ తగలకుండా ఎలా తెగిందని నేను చాలా రోజులు ఆలోచించాను. ఉరుకుతున్న మనిషి ఒక్కసారిగా ఆగి పక్కకి తిరిగితే లాగుడూ మెలికా ఒకేసారి పడతాయి. ఎక్కువ ఏసీఎల్‌లు ఇలాగే, ఢీకొనకుండానే పోతాయట. అదే ఆట ఆడే అబ్బాయిలతో పోలిస్తే అమ్మాయిలకి ఈ ప్రమాదం రెండు రెట్లకి పైనే. కారణాలు చాలా చెబుతారు: తుంటి వెడల్పు, హార్మోన్లు, దూకి దిగేటప్పుడు మోకాళ్ళు లోపలికి వాలడం, చిన్నప్పటి నుంచి తొడలకి సరైన వ్యాయామం లేకపోవడం. మొదటి రెండూ మన చేతిలో లేవు. చివరి రెండూ ఉన్నాయి, కానీ మనకి ఎవరూ నేర్పరు.

మాది రాజంపేట పక్క పల్లె. నేను ఇంటికి చేరేసరికే అవ్వ తీర్పు చెప్పేసింది. "పుత్తూరుకు పోదాం పా. ఆకు పసురు, గుడ్డు సొన పెట్టి కట్టు కడతారు. మీ తాతకు చెయ్యి ఇరిగితే నెలన్నరకే మడక పట్టినాడు." అవ్వ చెప్పింది అబద్ధం కాదు. పుత్తూరు కట్టుకి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. వెదురు బద్దలు పెట్టి కదలకుండా ఉంచితే ఎముక తనంతట తాను అతుక్కుంటుంది, అది ఎముక గుణం. పూర్తిగా తెగిన ఏసీఎల్‌కి మామూలుగా ఆ గుణం ఉండదు. కీలు లోపల ఎప్పుడూ జిగురు ద్రవం ఉంటుంది. తెగిన కొసల మధ్య రక్తం గడ్డకట్టి నిలబడేలోపే అది కరిగిపోతుంది. ఇది అవ్వకి చెప్పడానికి ఒక సాయంత్రం పట్టింది. "చేద తాడు బాయిలో తెగితే నీళ్ళలోనే ముడేస్తామా అవ్వా?" అన్నాను. కాసేపు ఆలోచించి, "అట్లయితే కొత్త తాడు ఎయ్యాల్సిందే" అంది. వారం తర్వాత ఎంఆర్ఐ చూసి సర్జన్ చెప్పింది కూడా సరిగ్గా అదే.

కొత్త తాడు మన ఒంట్లోంచే తీస్తారు. నాకు తొడ వెనక హ్యామ్‌స్ట్రింగ్ నుంచి తీస్తామన్నారు. ఎముకల్లో సన్నటి సొరంగాలు తొలిచి, అందులోంచి లాగి బిగిస్తారు. ఖర్చు లక్షన్నర పైమాటే. ఆ డాక్టర్ నిజాయితీపరుడు, ఇంకో మాట కూడా చెప్పాడు: కబడ్డీ మానేస్తే ఆపరేషన్ లేకుండా కూడా బతకొచ్చు, తొడలు గట్టిపరుచుకుంటే చాలు. నేను వెతికి చదివాను. 2010లో వచ్చిన స్వీడన్ పరిశోధన ఒకటి ఉంది. వెంటనే ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళూ, ముందు వ్యాయామం చేసి అవసరమైతేనే చేయించుకున్నవాళ్ళూ రెండేళ్ళ తర్వాత ఇంచుమించు ఒకేలా ఉన్నారు. రెండో గుంపులోని 59 మందిలో 23 మందికే ఆ రెండేళ్ళలో ఆపరేషన్ జరిగింది.

అది చదివాక ప్రశ్న మోకాలి గురించి కాకుండా పోయింది. కబడ్డీ కావాలా, వద్దా? అమ్మ అయితే "ఇంక చాల్లే, ఆడపిల్లవి, కాలి మీద గాట్లేంది" అంది. నాయన ఏమీ అనలేదు. బొప్పాయి తోట మీద తెచ్చిన అప్పు ఇంకా అట్లే ఉంది. రాత్రి అన్నం తినేటప్పుడు మాత్రం "నీకు ఆడాలనుందా?" అని అడిగాడు. ఉంది అన్నాను. పొద్దున్నే కాయలు కొనే ఆయనకి ఫోన్ చేసి అడ్వాన్స్ అడుగుతుంటే విన్నాను.

జనవరి చివర్లో ఆపరేషన్ అయింది. వాపు తగ్గి, కాలు పూర్తిగా చాపగలిగేదాకా వాళ్ళే ఆపారు. నాకు తెలియని సంగతి ఏంటంటే అసలు కథ ఆ తర్వాతే మొదలవుతుంది. ఫిజియో టేపు పెట్టి కొలిస్తే కుడి తొడ ఎడమదానికన్నా మూడు సెంటీమీటర్లు తక్కువ! కాలు మడవడం కన్నా పూర్తిగా చాపడం ముందు రావాలి. మడమ కింద మడిచిన టవల్ పెట్టి మోకాలిని మంచానికేసి నొక్కడం, అంతే వ్యాయామం. దానికే చెమటలు పట్టేవి. మూడో అంతస్తులో ల్యాబ్. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు చెడ్డ కాలు ముందు. ఇంకో విచిత్రం, రెండు మూడు నెలలకి నొప్పి దాదాపు పోతుంది, కానీ కొత్త తాడు లోపల అప్పుడే బాగా బలహీనంగా ఉంటుంది. చాలామంది అప్పుడే గ్రౌండ్‌లోకి దిగుతారు.

మంచంలో ఉన్న రోజుల్లో గోపీచంద్ గురించి చదివాను. మోకాలికి ఒకటికి మించి ఆపరేషన్లు అయ్యాక 2001లో బర్మింగ్‌హామ్‌లో ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు. అదే ఊళ్ళో 2022 కామన్వెల్త్‌లో సింధు స్వర్ణం గెలిచింది, ఎడమ పాదంలో స్ట్రెస్ ఫ్రాక్చర్‌తో. ఆ నెలలోనే జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కి వెళ్ళలేకపోయింది. మనం మొదటి సగమే స్టేటస్ పెట్టుకుంటాం.

స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటే మనం చదివే ఫెటీగ్ ఫెయిల్యూరే. ఒక్క దెబ్బకి కాదు, చిన్న బరువు వేలసార్లు పడితే వచ్చే పగులు. మా రూమ్మేట్ 800 మీటర్లు పరిగెడుతుంది. మోకాలి కింద ముందు ఎముక నొప్పి అంటే ఎక్స్‌రే తీసి ఏమీ లేదన్నారు. మొదట్లో ఎక్స్‌రేలో చాలాసార్లు కనబడదు. ఎంఆర్ఐలో దొరికింది. అప్పటికి నాలుగు నెలలుగా దానికి పీరియడ్స్ లేవు. పొద్దున టిఫిన్ మానేసి పరిగెట్టేది. పీరియడ్స్ రాకపోతే హాయిగా ఉందిలే అనుకుంటాం గానీ, తిండి చాలక ఒళ్ళు పొదుపు మొదలుపెట్టిందని అర్థం. ఆ పొదుపు ఎముక దగ్గరా జరుగుతుంది. హాస్టల్లో ఇది చదువుతున్న అథ్లెట్ అమ్మాయిలు ఎవరైనా ఉంటే, సిగ్గుపడకుండా డాక్టర్‌కి ఈ మాట చెప్పండి.

ఇప్పుడు నాకు ఏడో నెల. ఒంటికాలి మీద గెంతే పరీక్షలో ఎడమ కాలు 142 సెంటీమీటర్లు, కుడి 118. లెక్క 83 శాతం. కనీసం 90 రావాలి. తొమ్మిది నెలల లోపు ఆటలోకి దిగినవాళ్ళకి మళ్ళీ దెబ్బ తగలడం ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. నాకు తొమ్మిది నిండేది అక్టోబర్ చివర్లో. సెలెక్షన్స్ సెప్టెంబర్ రెండో వారంలో. ఫైనల్ ఇయర్, మళ్ళీ ఇంకో సెలెక్షన్ లేదు.

లిస్టులో నా పేరు రాయొద్దని కెప్టెన్‌కి మొన్న చెప్పాను. నాయనకి ఫోన్ చేసి చెప్పడానికి మాత్రం రెండు రోజులు పట్టింది, ఆ అడ్వాన్స్ గుర్తొచ్చి. ఆయన అటునుంచి, "సంక్రాంతికి మనూర్లో ఆడుదువులే. అవ్వ కూడా చూస్తాది" అన్నాడు.

సాయంత్రాలు జూనియర్లకి ఇరవై నిమిషాల వార్మప్ నేనే చేయిస్తున్నాను. దూకమని చెప్పి, దిగేటప్పుడు మోకాళ్ళు చూస్తూ కూర్చుంటాను. పదకొండు మందిలో పదిమందికి పాదం మీదే నిలుస్తున్నాయి. సెకండ్ ఇయర్ రెయిడర్‌కి ఎడమది ఇంకా లోపలికి వాలుతోంది.